వెనక మూత

మొహం చూసి కొనొద్దబ్బీ, ఓబులేసూ.
మొహం ఎవరికైనా నచ్చుతుంది:
కళ్లల్లో ఎర్ర దీపాలు, రొమ్ములో గాజు కిటికీ,
లోపల పళ్లచక్రాలు తిరుగుతుంటే
మన కువైట్ ఎండ కూడా వచ్చి తొంగి చూస్తుంది.

వీపు తిప్పు. మూత తెరువు.
స్ప్రింగు మీద తెల్లగా ఉప్పు పూసిందా
పచ్చగా చిలుము పట్టిందా, అది చూడు.
స్క్రూ లేదంటే
మనకంటే ముందే ఎవరో లోపలికి పోయొచ్చినారని.
మూత పోయినదానికి సగం ధర అడుగు.
మూత ఉన్నదానికీ సగమే అడుగు.
ముసలి అబూ ఖలీల్ పైకి చూసి దేవుణ్ణి పిలుస్తాడు,
పిలవనీ, ప్రతి శుక్రవారం సంతలో పిలిచేదే.

నేను తోలేది స్కూలు బస్సు.
మంచం కింద తొమ్మిది మంది ఉన్నారు,
ఒక్కొక్కడూ ఒక్కో పాత లుంగీ ముక్కలో:
శనిగ్రహం కాపలావాడు,
మూడు కాళ్ల యంత్రం,
తల ఒకపక్కకే తిరిగే వ్యోమగామి
(మా గ్యారేజీ మేనేజరు మాదిరే).
ఖైతాన్‌లో ఆ గదికి ఆరుగురం బాడుగ కడతాం,
వాళ్లు కట్టరు.

ఆడించనప్పుడు బ్యాటరీ తీసెయ్యాల.
మరిచిపోయినావా,
కడుపులో దాచుకున్న మాట లెక్కన
ఎప్పుడో రాత్రి చప్పుడు లేకుండా కారుతుంది.
కారితే నీళ్లు తగలనీకు.
పుల్లకు దూది చుట్టి వెనిగర్లో ముంచు,
నురగ వస్తుంది, భయపడొద్దు.
ఆరినాక రబ్బరుతో రుద్దు,
రబ్బరు కొనే పని లేదు,
నా బస్సు సీట్ల కింద రోజూ రెండు దొరుకుతాయి,
పంటిగాట్లతో.

ఆగస్టులో చక్రాలకు తొడిగిన రబ్బరు
బెల్లంపాకం అయిపోతుంది, పౌడరు చల్లిపెట్టు.
దుమ్ముగాలి లేచిన రోజు లుంగీ ముడి అస్సలు విప్పొద్దు.

తొమ్మిదోవాడి సంగతి చెప్పలేదు కదూ.
పోయిన చలికాలం, ముప్పాతిక దినారు.
లోపల చూస్తే సున్నపు బట్టీ.
నాలుగు రాత్రులు గీకినా.
కొత్త సెల్లులు వేసి పచ్చ మీట నొక్కితే
నడవలేదు, కళ్లు వెలగలేదు,
గొంతు సవరించుకుని
ఒక పిల్లోడు మాట్లాడినాడు.
అరబ్బీ. చిన్న గొంతు, ముక్కు దిబ్బడ.
ఇరవై ఏళ్లనుంచి ఈడే ఉన్న మహబూబ్ బాషా
సగం దువ్విన తలతో వచ్చి విన్నాడు.
ఇంకోసారి నొక్కమన్నాడు.
"ఎవరూ ముట్టుకోవద్దంట. ఇది వాడిదంట.
ఇప్పుడే వస్తాడంట."

గదిలో ఎవరూ ఏమీ అనలేదు.
కుక్కరు కూత పెట్టింది, దించేవాళ్లు లేరు.

పచ్చ మీట పక్కనే ఎర్ర మీట.
అది నొక్కితే పాత మాట పోయి
మన దగ్గూ మన గిన్నెల మోతా ఎక్కుతాయి.
రెంటికీ నడుమ బియ్యపుగింజంత ఎడం,
నా బొటనవేలు చూడు ఎంత ఉందో.

హవల్లీలో బొమ్మలు పోగుచేసే లెబనాన్ ఆయన
నలభై దినార్లు ఇస్తానన్నాడు,
ఏ మార్పూ చెయ్యకుండా తెస్తే.
నలభై! రెండు నెలల నా బాడుగ, తిండి.
ఆ రాత్రే బస్సు అద్దానికి వాడే జిగురు తెచ్చి
ఎర్ర మీట మీద ఒక్క బొట్టు వేసినా.
ఆరేదాకా కాపలా కూర్చున్నా.
ఇప్పుడు దానికి ఎనిమిది కూడా రావంట.

వాడిక్కూడా బ్యాటరీ తీసే ఉంచుతా. నియమం నియమమే.
గురువారం రాత్రి మాత్రం వేసి
ఒక్కసారి వింటా.
రెండుసార్లు వింటే సెల్లులు ఖర్చు.

సరే, ఆ మూల ఉన్నదాన్ని అడుగు,
చెయ్యి విరిగినదాన్ని.
సెల్లులు తెచ్చినా, జేబులో ఉన్నాయి.
ముందు మూత.
మీట ఏదైనా ఉంటే
ఆగు, నన్ను చూడనీ.